రోహిణి కార్తె లంగా

పూజితకి పొద్దున లేవగానే మొదటి పని బట్టలు కట్టుకోవడం. అందులో చెప్పుకునేదేముంది అంటారేమో, ఉంది. ఆమె కుడికాలికి మోకాలి కింద నుంచి చీలమండ దాకా నాలుగు ఇనుప కడియాలున్నాయి. వాటిని కలుపుతూ నిలువుగా ఊచలు, కడియాల్లోంచి ఎముకలోకి దిగిన పిన్నులు. చూసేవాళ్లకి కాలు పంజరంలో కూర్చున్నట్టుంటుంది. అలాంటి కాలిని ఏ ప్యాంటులోకీ దూర్చలేం. అక్టోబరు నుంచి ఆమెకి గౌన్లే గతి. మంచం అంచున కూర్చుని, గౌను తలమీదుగా వేసుకుని, అంచు పంజరానికి తగులుకోకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో చంకకర్రలు అందుకునేసరికి పావుగంట పట్టేది.

కాలెలా విరిగిందంటే, అమెరికాలో ఆమె ఉండే బెంటన్‌విల్‌లో చాలామందికి విరిగినట్టే విరిగింది. ఆ ఊళ్లో అడవి దారుల్లో సైకిలు తొక్కడం ఒక పిచ్చి. కాకినాడలో కాలేజీకి సైకిలు మీద వెళ్లిన అనుభవం చాలుననుకుని, ఒక శనివారం ఆఫీసువాళ్లతో పూజిత కూడా బయల్దేరింది. వాళ్లు బండల మీంచి గెంతారు, తనూ గెంతింది. సైకిలు ఒక పక్కకి, తనొక పక్కకి.

డిసెంబరు మొదట్లో ఎక్స్‌రే చూసి డాక్టరు పెదవి విరిచాడు. ఎముక అతుక్కోవడం మొదలే కాలేదన్నాడు. ఈ పంజరం పెట్టింది పడుకోవడానికి కాదు, నడవడానికి. బరువు పడితేనే ఎముక పెరుగుతుంది. రోజూ అరగంట బయట నడవాలి అని తను చెప్పి, నర్సు చేత ఇంకోసారి చెప్పించాడు. జనవరి ముప్ఫైన మళ్లీ చూస్తాడు. అప్పటికీ ఇలాగే ఉంటే ఫిబ్రవరి తొమ్మిది పొద్దున ఆపరేషన్. తుంటి దగ్గర ఎముక చెక్కి తెచ్చి ఇక్కడ అతకాలి. ఆ పైన ఇంకో ఆరు నెలలు పంజరం. అదీ పట్టకపోతే కాలు ఒక అంగుళం పొట్టి. తేదీ ఇప్పుడే రాసేసుకున్నారు.

నడవాలని పూజితకీ ఉంది. కానీ ఇనుముకి చలి తొందరగా పడుతుంది. గౌను కింద నుంచి గాలి దూరితే ముందు కడియం చల్లబడేది, కడియం నుంచి పిన్ను, పిన్ను నుంచి ఎముక. ఐసు నీళ్లు తాగితే పళ్లు జివ్వుమన్నట్టు కాలెముక జివ్వుమనేది. అపార్ట్‌మెంట్ గుమ్మం నుంచి మెయిల్‌బాక్సుల దాకా యాభై అడుగులు. అక్కడి దాకా వెళ్లి, కళ్లలో నీళ్లు తిరిగి, వెనక్కొచ్చేసేది.

ఇక గౌన్ల సంగతి. మన ఇళ్లల్లో కొత్త బట్ట కట్టుకునే ముందు ఒక మూలన పసుపు పెట్టడం ఆచారం. పసుపు పెట్టిన రోజు ఎలా ఉంటే ఆ గుడ్డ అలా ఉండిపోతుంది, అది అందరికీ తెలిసిందే. ముసురు రోజున పసుపు పెట్టిన చీర ఎంత ఆరేసినా చెమ్మగానే ఉంటుంది. అందుకే అమెరికాలో మనవాళ్లు ముందుచూపుతో ఉంటారు. ఆగస్టులోనే కొత్త థర్మల్స్, స్వెట్టర్లు, ప్యాంట్లు కొని చాండ్లర్‌లో ఉన్న చుట్టాలకి పార్సిల్ చేస్తారు. వాళ్లు మిట్టమధ్యాహ్నం పెరట్లో నిలబడి పసుపు పెట్టి తిరిగి పంపిస్తారు. ఆ ఆరిజోనా ఎండతో ఇక్కడి చలికాలం గడిచిపోతుంది. పూజితకీ అలాంటివి రెండు జతలున్నాయి. అన్నీ ప్యాంట్లే.

డిసెంబరులో ఆమె చేసిన పొరపాటు మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. పంజరం పట్టేంత వెడల్పుగా, పాదాల దాకా ఉండే గౌన్లు నాలుగు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసింది. పార్సిల్ వచ్చిన రోజు శుక్రవారం. బయట వాన పడుతూ పడుతూనే గడ్డకడుతోంది. పార్సిల్ విప్పింది, కొత్త బట్టల వాసన వచ్చింది, పోపుల పెట్టె పక్కనే ఉంది. బుద్ధి అడ్డుపడేలోపు చెయ్యి తన పని తాను చేసేసింది.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన రూమ్మేట్ హంసిక గుమ్మంలోనే ఆగిపోయింది. హంసికది సిద్దిపేట.

"ఏం చేస్తున్నవే?"

"పసుపు పెడుతున్నాను."

"అది కనబడుతుంది గని, ఎప్పుడు పెట్టినవ్?"

"ఇప్పుడే."

హంసిక కిటికీ వంక చూసింది. పూజిత కూడా చూసింది. చెట్ల కొమ్మలన్నిటికీ గాజు తొడుగులు వేసినట్టుంది. ఎక్కడో ఒక కొమ్మ బరువాగక ఫెళ్లుమని విరిగింది.

"నాలుగింటికీ పెట్టినవా?"

"నాలుగింటికీ."

"ఒక్కదానికి పెట్టి ఆగకపోతివి."

"చెయ్యి ఆగలేదే," అంది పూజిత. ఒక గౌను తీసి ఒళ్లో పెట్టుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలా ఉంది. "రిటర్న్ చేద్దామంటే మరకుంటే తీసుకోరు."

"చాండ్లర్‌ల మా మోహన్ బావకి పంపుదామా? మళ్ల పెట్టిస్తడు."

"ఒకసారి పట్టాక రెండోసారి పట్టదు కదా. అయినా అక్కడ కూడా ఇప్పుడు డిసెంబరే."

మళ్లీ కొత్తవి కొనొచ్చు. కానీ పసుపు తగలని కొత్తగుడ్డ ఉత్తగుడ్డే. ఇనుము దిగిన కాలికి ఉత్తగుడ్డ చాలదు. ఇద్దరూ కాసేపు ఆ నాలుగు గౌన్ల చుట్టూ కూర్చున్నారు, చలిమంటకి బదులు చలి చుట్టూ కూర్చున్నట్టు. తర్వాత హంసిక లేచి, "ఉండు, పైకి పోయి ఆంటీని తీస్కొస్త" అంది.

పై అంతస్తులో ఉండేది వసంతలక్ష్మి. అరవైకి దగ్గర పడిన మనిషి. రెండు వీధుల అవతల చిన్నపిల్లల స్కూలు దగ్గర స్టాప్ బోర్డు పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం ఆమెది. మొదట్లో చీరలోనే వెళ్లేది. మంచుకి కుచ్చిళ్లు తడిసి అట్టల్లా బిగుసుకుంటుంటే గౌనుకి మారింది. ఆ కాంప్లెక్సులో చలికాలమంతా గౌనులో తిరిగేది ఆమె ఒక్కతే.

ఆమె వచ్చి, గౌను కొస వేళ్లతో పట్టుకుని చూసి, చటుక్కున వదిలేసింది.

"బాగా పట్టిందే," అంది.

"ఏం చెయ్యాలి ఆంటీ?"

"ఏముంది, ఈ మంచు నాలుగైదేళ్లకి దానంతటది పోతుంది."

"నాకు జనవరి ముప్ఫై దాకే టైముంది."

ఆపరేషన్ సంగతి విని వసంతలక్ష్మి పంజరం వంక చాలాసేపు చూసింది. ఒక కడియం మీద వేలు పెట్టి, "ఇది ఎముక దాకా పోయిందా?" అని అడిగింది. "పోయింది" అంది పూజిత. ఆమె పైకెళ్లి, పాత దుప్పట్లో చుట్టిన మూట ఒకటి తెచ్చింది. దుప్పటి విప్పగానే గది అద్దాలకి ఆవిరి పట్టింది.

ఎర్ర లంగా. వసంతలక్ష్మిది రెంటచింతల. ఆ ఊరి ఎండ సంగతి వినని తెలుగువాళ్లుండరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ కార్తె మధ్యలో పట్టపగలు వాళ్లక్క డాబా ఎక్కి పసుపు పెట్టిన లంగా అది. గుడ్డకి పట్టేది ఒక్క పగటి ఎండే, కట్టుకున్నకొద్దీ తరుగుతుంది. వసంతలక్ష్మి దాన్ని ఎనిమిది చలికాలాలుగా పొదుపుగా వాడుకుంటోంది. రోడ్డు మీద ఉన్నంతసేపే కట్టుకుంటుంది, ఇంటికి రాగానే విప్పి మడతపెడుతుంది. మడతలో ఉన్న ఎండ ఎక్కడికీ పోదు.

"ముందిది కట్టి, పైన గౌను వెయ్యి," అంది హంసికతో.

హంసిక వేసింది. రెండు నిమిషాలు బాగానే ఉంది. మూడో నిమిషంలో పూజిత మోకాళ్ల దగ్గర మబ్బు పట్టింది. గౌను అంచు నుంచి టపటపా చినుకులు మొదలయ్యాయి. కార్పెట్ మీద చిన్న మడుగు కట్టింది.

"వాన," అంది పూజిత.

"కనబడుతుంది," అని హంసిక తువ్వాలు కోసం వెళ్లింది.

వసంతలక్ష్మి కంగారుపడలేదు. "ఎండనీ మంచునీ ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే వాన కాక ఏమొస్తుంది? మధ్యలో ఎడం ఉండాలి," అంది. మళ్లీ అన్నీ విప్పించి, పైనుంచి ఒక నూలు లంగా, ఒక ముతక చీర తెచ్చింది. ఈసారి వరసగా చెబుతూ కట్టింది. "ఒంటికి ఆనుకుని పల్చటి నూలు లంగా. అది చెమటని పీలుస్తుంది, లేకపోతే చెమటే చలవుతుంది. దాని మీద ఎర్రది. దాని మీద ఇదిగో, మా ముతక చీర, రెండు మడతలు, బిగించకూడదు, వదులుగా. వెచ్చదనం గుడ్డలో ఉండదమ్మా, గుడ్డకీ గుడ్డకీ మధ్య గాలిలో ఉంటుంది. బిగిస్తే పారిపోతుంది. అన్నిటి పైన నీ మంచు గౌను. కింద పాదానికి ఏం తొడుగుతావు?"

"సాక్స్ ఈ కడియం మీంచి ఎక్కవు ఆంటీ."

హంసిక తన పాత స్వెట్టరు చెయ్యి ఒకటి కత్తిరించి పంజరం మీంచి తొడిగింది. సరిగ్గా సరిపోయింది. పూజిత నిలబడింది. వాన పడలేదు. ఒక్కో పిన్నూ మెల్లగా వెచ్చబడింది. చలి ఏ దారిన లోపలికి పోయేదో ఎండా ఆ దారినే పోయింది. ఎముక లోపల ఎవరో కుంపటి రాజేసి పెట్టినట్టయింది.

"మరి మీకో?" అని అడిగింది.

"నాకు చలేస్తుంది."

"అయ్యో, అయితే వద్దాంటీ."

"వద్దని ఎవరన్నారు? సోమవారం పొద్దున ఏడుంపావుకి వచ్చి నా పక్కన నిలబడు. రోహిణి ఎండ ఒక్క మనిషితో ఆగదు, పక్కవాళ్లకీ తగులుతుంది. నువ్వు రాకపోతే నా వేళ్లు బిగుసుకుంటాయి. బోర్డు పట్టు దొరకదు. పిల్లలు దాటే చోటమ్మా అది."

"కారులో దింపుతా," అంది హంసిక.

"ఆ టైముకి స్కూలు ముందు కారు ఆపనివ్వరు."

"అంత దూరం నేను నడవలేను ఆంటీ. మెయిల్‌బాక్సుల దాకా వెళ్లడమే..."

"ఎంత దూరమని, అరమైలు లేదు."

"డాక్టర్ కూడా అరగంట నడవమన్నాడు. నావల్ల కావట్లేదు."

"డాక్టర్ సంగతి నాకు తెలీదు. నా చేతుల సంగతి చెబుతున్నా," అని వసంతలక్ష్మి మెట్లెక్కి వెళ్లిపోయింది.

సోమవారం పూజిత ఆరున్నరకే బయల్దేరింది. నలుగురు నడిచే దారిలో నాలుగడుగులకొకసారి ఆగుతూ, చంకకర్రలు ఊనుకుంటూ వెళ్లేసరికి ఏడున్నర దాటింది. నొప్పి నొప్పే, అది ఎక్కడికీ పోలేదు. కానీ జివ్వుమనడం లేదు. ఆమె నడిచిన మేర కాలిబాట మీది మంచు ఇటో గజం, అటో గజం కరిగింది. వసంతలక్ష్మి పెదాలు నల్లబడి ఉన్నాయి. "ఆలస్యం," అని మాత్రం అని, రెండు చేతులూ పూజిత గౌను దగ్గరగా చాచింది.

పిల్లలు రెండో రోజే కనిపెట్టేశారు. స్కూలు తలుపులు తెరిచేలోపు పూజిత చుట్టూ చేరడం మొదలుపెట్టారు. వాళ్లలో తన్వి అని ఏడేళ్ల పిల్ల. వాళ్లది ఆ పక్క వీధే.

"ఆంటీ, నీ డ్రెస్ హాట్ ఉంది."

"అవును."

"ఇది ఆగస్ట్ ఆ? మా డాడీ జాకెట్ ఆగస్ట్."

"కాదు, రోహిణి కార్తె."

"ఆగస్ట్ కంటే హాట్?"

"చాలా."

తన్వి ఒప్పుకుంటున్నట్టు తలూపి, గ్లోవ్స్ తీసి జేబులో పెట్టుకుంది.

క్రిస్మస్‌కి రెండు వారాలు స్కూలు మూశారు. హమ్మయ్య అనుకుంది పూజిత. పొద్దున ఏడింటికి తలుపు చప్పుడైంది. వసంతలక్ష్మి బోర్డు పట్టుకుని నిలబడి ఉంది. వెనకే మెట్ల మీద కాఫీ కప్పుతో ఆమె భర్త లక్ష్మీపతి.

"సెలవుల్లో ఎవర్ని దాటిస్తావే?" అంటున్నాడాయన.

"ఉడతల్ని."

"వాటికి నీ బోర్డు చదవడం వచ్చా?"

"మీకన్నా నయమే. రెడ్ పడితే ఆగుతాయి," అని పూజిత వైపు తిరిగి, "అలవాటు తప్పితే నా చేతులు మొండికేస్తాయమ్మా, పద," అంది.

ఆ రెండు వారాలూ ఇద్దరూ ఖాళీ రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎప్పుడైనా ఒక కారు వస్తే వసంతలక్ష్మి బోర్డు ఎత్తేది. కారు ఆగేది. ఎవరూ దాటేవారు కాదు. కారతను చెయ్యూపి వెళ్లిపోయేవాడు.

జనవరి రెండో వారంలో ఒక రోజు పూజితకి మనసు విరిగింది. ముందురోజు రాత్రి నొప్పికి నిద్ర లేదు. పొద్దున ఫోన్‌లో చూస్తే పద్నాలుగు డిగ్రీలు, మన లెక్కలో మైనస్ పది. ఇంత నడిచినా ఎముక అతుకుతోందో లేదో చెప్పే దారి లేదు. ఒకవేళ అతకకపోతే ఇదంతా ఎందుకు? ఎలాగూ ఆపరేషన్ తేదీ ఉండనే ఉంది.

"ఈ ఒక్క రోజు పోకు," అంది హంసిక. "ఆంటీ ఏమనుకోదులే."

పూజిత మంచం మీద వెనక్కి వాలింది. ఏడయింది. ఏడూ ఐదయింది. ఏడూ పదికి లేచి కూర్చుని, నూలు లంగా అందుకుంది.

వెళ్లేసరికి ఎనిమిది కావస్తోంది. పిల్లలు దాటుతున్నారు. వసంతలక్ష్మి స్టాప్ బోర్డుని చేత్తో పట్టుకుని లేదు. వేళ్లు ముడుచుకోక, రెండు మోచేతుల మధ్య ఇరికించి, గడ్డంతో అదిమి పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. గాలి కొట్టినప్పుడల్లా బోర్డు పక్కకి తిరుగుతోంది. ఒక లారీ బాగా దగ్గరికొచ్చి ఆగింది. ఇన్నాళ్లూ ఆంటీ తన చేత నడిపించడానికే చేతుల వంక చెబుతోందని పూజిత లోలోపల అనుకునేది. వంక కాదు. లంగా ఇచ్చేశాక ఆమెకి నిజంగానే చలేస్తోంది.

పూజిత గబగబా వెళ్లి పక్కన నిలబడింది. కాసేపటికి వసంతలక్ష్మి వేళ్లు ఒక్కొక్కటే కదిలాయి.

"వచ్చావా," అంది, అంతే.

ఆ తర్వాత పూజిత ఒక్కరోజు మానలేదు. అరగంటలో వెళ్లేది, తర్వాత ఇరవై నిమిషాల్లో. ఒక ఉదయం గాలి ఎక్కువై పిల్లలు మరీ దగ్గరగా ముసిరారు. తన్వి ఒక చెయ్యి, ఇంకో పిల్ల ఇంకో చెయ్యి పూజిత కప్పుకున్న శాలువాలో దూర్చారు. ఆమె వాళ్లిద్దరి చేతులూ పట్టుకుని నిలబడి ఏదో కబుర్లు చెబుతోంది. వసంతలక్ష్మి రోడ్డు మధ్య నుంచి తిరిగొస్తూ చూసింది. చంకకర్రలు రెండూ కరెంటు స్తంభానికి ఆనించి ఉన్నాయి. పూజిత రెండు కాళ్ల మీదా సమంగా నిలబడి ఉంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. చెబితే వెంటనే భయపడి కర్రలు అందుకుంటుందని వసంతలక్ష్మి ఏమీ అనలేదు. మనిషి మరిచిపోయి చేసే పనిని గుర్తుచెయ్యకూడదు.

జనవరి ముప్ఫైన హంసిక హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. నర్సు గౌను అంచు ఎత్తి, ఒక్కో పొరా చూసి, ఎర్ర లంగా దగ్గర చెయ్యి ఆపింది. ఎక్కడ, ఎప్పుడు పసుపు పెట్టారని అడిగింది. రెంటచింతల, మే ఆఖరు అని పూజిత చెప్పింది. ఆమె స్పెల్లింగ్ అడిగి కంప్యూటర్‌లో టైప్ చేసుకుంది.

డాక్టరు డిసెంబరు ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే పక్కపక్కన పెట్టాడు. మొదటి దాంట్లో ఎముక మధ్య నల్లటి సందు. రెండోదాంట్లో ఆ సందు లేదు. ఆ చోట తెల్లగా, తాజాగా, చెట్టుకి గాటు పడిన చోట కట్టే కణుపులా గుండ్రంగా ఉబ్బి ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"రోజుకి ఎంత నడిచావు?"

"స్కూలు దాకా వెళ్లి రావడమేనండీ."

ఆయన పక్కనున్న నర్సుతో ఆపరేషన్ కేన్సిల్ చెయ్యమన్నాడు. పంజరం తీయడానికి గురువారం రమ్మన్నాడు. హంసిక పూజిత భుజం మీద తల పెట్టి, "ఏడ్వకే, ఇంటికి పోయినంక ఏడుద్దాం," అంది.

గురువారం పిన్నులు ఒక్కొక్కటే తీశారు. ప్రతి పిన్నూ వేడిగా వచ్చింది. నర్సు రెండో జత గ్లోవ్స్ తొడుక్కోవాల్సి వచ్చింది. ఆఖరిది స్టీల్ ట్రేలో పడగానే ట్రేలో ఉన్న తడి చుయ్యిమంది.

ఆ సాయంత్రం పూజిత లంగా ఉతికి, మడిచి, పైకి తీసుకెళ్లి ఇచ్చింది. వసంతలక్ష్మి అందుకోగానే ఇద్దరికీ తెలిసిపోయింది. ఉత్తగుడ్డ. ఎండంతా అయిపోయింది.

"మొత్తం నేనే వాడేశాను ఆంటీ."

"ఎక్కడికి పోతుంది, నీ కాల్లోనే ఉందిగా," అంది వసంతలక్ష్మి. లంగాని అటూ ఇటూ తిప్పి చూసి, "గుడ్డ మాత్రం గట్టిది. మా అక్క ఎంపిక," అని బీరువాలో పెట్టుకుంది.

ఫిబ్రవరి తొమ్మిది సోమవారం. పొద్దున ఏడూ ఇరవై. ఆ వేళకి పూజిత హాస్పిటల్లో మత్తు కోసం అంకెలు వెనక్కి లెక్కపెడుతూ ఉండాలి. స్కూలు దగ్గర రోడ్డు పక్కన, చేతికర్ర ఒకటి పట్టుకుని, పిన్నుల గాట్లు ఇంకా ఆరక, పాదాల దాకా గౌనులోనే నిలబడి ఉంది. ఉత్తరం గాలి కొడుతోంది. వెచ్చదనం ఎక్కడా లేదు. వసంతలక్ష్మి చేతులు రుద్దుకుంటోంది.

"చలేస్తోందా?"

"వేస్తోంది ఆంటీ."

"నాకూ వేస్తోంది. ఊరికే నిలబడితే ఇంకా వేస్తుంది. నడు."

తన్వి వచ్చి పూజిత చెయ్యి పట్టుకుంది. వసంతలక్ష్మి బోర్డు ఎత్తుకుని రోడ్డు మధ్యలోకి వెళ్లింది. రెండు వైపులా కార్లు ఆగాయి. వాటి ముందు నుంచి పూజిత ఆ పిల్లని రోడ్డు దాటించి, కర్రని చంకన పెట్టుకుని, ఇంకో పిల్ల కోసం వెనక్కి వచ్చింది.